పెరటి వాలుకు మట్టి తోలించే ముందు

పోయిన ఉగాదికి హొసూరు ఇంట్లో అందరం కూడినప్పుడు ఒక తీర్మానం లాంటిది జరిగిపోయింది. ఇంటెనక పెరడు వాలుగా ఉంది, దేనికీ పనికిరావడం లేదు. మట్టి తోలించి ఇంటి మట్టానికి లేపేసి, చుట్టూ ఆరడుగుల గోడ కట్టేస్తే పిల్లలు ఆడుకోవచ్చు, ఆడవాళ్లు చాటుగా కూర్చోవచ్చు అని. కాదన్నది నేనొక్కణ్ణే. అరిటాకులు వేసే వేళకి వచ్చిన చర్చ కనుక ఎందుకు కాదన్నానో చెప్పే వీలు కుదరలేదు. కోలారు, ముళబాగిలు, కృష్ణగిరి వైపు పాత ఇళ్లున్న మన బంధువుల్లో చాలామంది ఇదే పని మీద ఉన్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

చదును వద్దని నేననడం లేదు. చాటు అక్కర్లేదనీ అనడం లేదు. మొత్తం పెరడు ఒకే మట్టానికి తేవద్దంటున్నాను, సరిహద్దు పొడవునా గోడ వద్దంటున్నాను. మెట్లు మెట్లుగా చదును చేసుకుని, చాటు కావలసిన చోట చాటు పెట్టుకుని, మిగతాది మొక్కల కంచెకు వదిలేస్తే చాలు.

ముందు లెక్క చూద్దాం. మన పెరడు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. వాలెంతో కంటికి తెలియదు, కొలవాల్సిందే. మేస్త్రీల దగ్గర సన్నటి ట్యూబు ఉంటుంది. దాన్నిండా బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొన ఇంటి గోడకీ, రెండో కొన కింది సరిహద్దు దగ్గర పాతిన కర్రకీ పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కడ గీత గీసి నేల నుంచి కొలుచుకోవడమే. ఇద్దరు మనుషులకి పది నిమిషాల పని. కొలిస్తే మన పెరట్లో పల్లం 5 అడుగులు తేలింది.

ఇంటి మట్టానికి లేపాలంటే పైన ఏమీ పోయనక్కర్లేదు, కింది చివర 5 అడుగుల మట్టి పొయ్యాలి. మొత్తం 6000 ఘనపుటడుగులు. మన వైపు మట్టిని యూనిట్లలో అమ్ముతారు, యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. అంటే 60 యూనిట్లు. లారీకి రెండు మూడు యూనిట్ల లెక్కన ఇరవై ముప్పై లారీలు. వదులు మట్టి దిగబడుతుంది కనుక ఇంకో నాలుగో వంతు కలుపుకోవాలి. ఆ మట్టి ఎక్కడిదో ఎవరూ అడగరు. ఏ చెరువు కడుపు కోసిందో, ఏ పాత ఇల్లు కూలగొట్టిన పెళ్లలో.

బయటి మట్టి వద్దు, పైది తీసి కింద పోద్దాం అన్నాడు మా చిన్నాన్న కొడుకు. అది కొంత మేలు. అప్పుడు పైన 2.5 అడుగుల లోతు కోసి, కింద అంతే ఎత్తు పోస్తాం. కదిపే మట్టి 1500 ఘనపుటడుగులకి తగ్గుతుంది. కానీ పెరడునే మూడు మెట్లుగా, ఒక్కోటి 20 అడుగుల వెడల్పుతో చేసుకుంటే కదిపే మట్టి 500 ఘనపుటడుగులే. ఐదు యూనిట్లు! దీనికి జేసీబీ కూడా అక్కర్లేదు, నలుగురు కూలీలు నాలుగు పారలతో చేసే పని. మెట్టుకీ మెట్టుకీ మధ్య గట్టు ఎత్తు 20 అంగుళాలు, మనిషి కూర్చోవడానికి సరిపోయే అరుగంత.

ఇదేం కొత్త కనిపెట్టుడు కాదు. వాలు చేనును కయ్యలుగా, మడులుగా కట్టి, నడుమ గెనిమలు వేసి సాగు చేసిన వాళ్ల మనుమలం మనం. చేలో వాళ్లు చేసింది పెరట్లో మనకెందుకు గుర్తు రాదో అర్థం కాదు. బెంగళూరులో సైటు అంటే 30x40 గళ్లు గీసిన కాగితం. అది చూసి చూసి, నేల కూడా కాగితంలా ఉండాలనుకుంటున్నామేమో.

20 అంగుళాల గట్టుకీ 5 అడుగుల గోడకీ తేడా మూడు రెట్లే కదా అనిపిస్తుంది. మట్టి లెక్క అలా నడవదు. లోతుకు పోయేకొద్దీ మట్టి తోపు పెరుగుతుంది. ఎత్తు 3 రెట్లయితే గోడ మీద పడే మొత్తం తోపు 9 రెట్లు, దాన్ని పడదోసే బలం 27 రెట్లు. ఇది పొడి మట్టి మాట. సెప్టెంబరు, అక్టోబరు వానలకు మట్టి నాని, నీళ్లు గోడ వెనక నిలిస్తే ఆ నీటి బరువు కూడా తోడవుతుంది. రాళ్లను సిమెంటు లేకుండా, కొంచెం లోపలికి వాల్చి పేర్చిన గట్టులో సందులుంటాయి. నీళ్లు వాటంతటవి కారిపోతాయి. అతుకు లేకుండా సిమెంటు పూసిన గోడకి ఆ దారి లేదు. తప్పనిసరై కట్టే గోడకయినా అడుగు భాగాన గజమున్నరకొక రెండంగుళాల పైపు వదిలి, వెనక కంకర పొయ్యాల్సిందే. అది చెయ్యని మేస్త్రిని నమ్మొద్దు, ఎంత దగ్గరివాడైనా.

ఇదంతా భయపెట్టడానికి రాస్తున్నాడు అనుకునేవాళ్లకి ఒక సంగతి గుర్తు చెయ్యాలి. 2019 డిసెంబరు 2న, రాత్రంతా కురిసిన వానకి, కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర నడూరులో ఒక పెద్దింటి ప్రహరీ గోడ తెల్లవారుజామున కూలి పక్కనున్న చిన్న ఇళ్ల మీద పడింది. నిద్రలో ఉన్న 17 మంది పోయారు. గోడ ఎత్తు దాదాపు 20 అడుగులని అప్పుడు వార్తల్లో వచ్చింది. తాము కంటికి కనబడకూడదనే ఆ గోడ అంత ఎత్తు కట్టారని అక్కడివాళ్లు అన్నారు. పోయినవాళ్లు దళితులు, అరుంధతియర్లు. ఆ వైపు అరుంధతియర్లలో ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగే. తమిళనాడులో తెలుగువాళ్లు అనగానే నాయకర్లనీ, పాళెగాళ్లనీ, కోటలనీ చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ గోడ కింద పోయినవాళ్లు మన లెక్కలోకి రారా? మన పెరటి గోడ 20 అడుగులు కాదులే అంటారు. నిజమే. కానీ లేపిన మట్టి 5 అడుగులు, దాని మీద గోడ 6 అడుగులు. మనకు ఆరడుగులుగా కనిపించేది కింది ఇంటివాళ్లకి 11 అడుగుల గోడ. దాని పక్కనే వాళ్ల వంటిల్లు.

పైగా ఈ లేపడం వల్ల మనం కోరుకునే చాటే పోతుంది. ఇది ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు మన పెరటి చివర నిలబడితే కింది ఇంటివాళ్ల కంచె మన భుజానికి వస్తుంది. అయిదడుగులు లేపి నిలబడితే ఆ కంచె మన పాదాల దగ్గరుంటుంది. వాళ్ల దొడ్డి, వాళ్ల నీళ్ల తొట్టి, దండెం మీది బట్టలు అన్నీ మన కళ్ల కిందే. అప్పుడు వాళ్లూ గోడ లేపుతారు. మనం ఇంకో రెండడుగులు లేపుతాం. గాలి రెండు ఇళ్లకీ పోతుంది.

చట్టం సంగతి రెండు మాటల్లో. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉదాహరణల్లోనే ఈ గొడవలన్నీ ఉన్నాయి. పక్క నేల నుంచి నా నేలకి సహజంగా దొరికే ఆనుడు నా హక్కు, అంటే సరిహద్దు పక్కన ఇష్టమొచ్చినట్టు తవ్వకూడదు. పై నేల మీద పడిన వాన సహజంగా కిందికి పారడం పైవాడి హక్కు, కిందివాడు అడ్డుకట్ట వెయ్యకూడదు. అలవాటుగా చాటు పాటించే ఊళ్లో పొరుగింటి మరుగు పోయేలా కొత్త కిటికీ పెట్టకూడదన్నది కూడా అక్కడే ఉదాహరణగా ఉంది. మనం చాలా మోడరన్ అనుకునే ప్రైవసీ నూట నలభై ఏళ్ల కిందటే చట్టానికెక్కింది.

మరుగు అన్నాను కదా. మన అమ్మమ్మలు ప్రైవసీకి వాడిన మాట అదే, మరుగుదొడ్డిలో ఇంకా మిగిలి ఉంది. పాత పెరళ్లలో మరుగు ఎక్కడుండేదో చూడండి. సరిహద్దు మీద కాదు. స్నానం చేసే బండ చుట్టూ దడి. బాలింతరాలు ఎండకి కూర్చునే చోట దడి. కంది కంపతోనో, కొబ్బరి మట్టలతోనో, ఏది దొరికితే దానితో, ఏటికో రెండేళ్లకో మార్చి కట్టేవాళ్లు. మిగతా పెరడంతా తెరిపి. పొరుగావిడ కంచె అవతల నిలబడి కరివేపాకు అడిగేది, ఇవతలినుంచి మజ్జిగ వెళ్లేది. అంటే చాటు ఆ పనికి, ఆ చోటికి. ఊరికంతటికీ తలుపేసుకోవడం కాదు.

ఇంకో సంగతి, ఇది ఈ కుటుంబానికి సంబంధించినది. మా అమ్మమ్మ బడికి పోలేదు. ఆమెకు కన్నడం, తమిళం రెండూ వచ్చు. ఎక్కడ నేర్చిందంటే ఆ పెరటి కంచె దగ్గర. కింది ఇంటి కన్నడావిడ తెలుగు నేర్చిందీ అక్కడే. ఆవిడ కోడలు ఇప్పటికీ మనతో తెలుగులోనే మాట్లాడుతుంది, మన పిల్లలే ఇంగ్లీషులో జవాబిస్తారు. పిల్లలకి తెలుగు క్లాసు పెట్టాలని ఏడాదికి మూడుసార్లు అనుకుంటాం. రోజూ తెలుగు మాట వినబడే చోట 11 అడుగుల గోడ కడతామంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం కోపం కూడా.

కంచె దేనితో అన్న ప్రశ్నకొస్తే, ఈ మధ్య అందరూ చెబుతున్నది రెడీమేడ్ కాంపౌండు. సిమెంటు స్తంభాలు పాతి, నడుమ పలకలు ఒకదాని మీద ఒకటి జారవిడుస్తారు. రెండు రోజుల్లో అయిపోతుంది, ఇటుక గోడ కన్నా చవక. సమతలమైన సైటుకి సరిహద్దు చూపడానికి పరవాలేదు. కానీ అది మట్టిని ఆపే గోడ కాదు. ఆ పలకలకి ఆనించి రెండడుగుల మట్టి పోసేస్తున్న ఇళ్లు ఎన్ని చూశానో! ఒకటి రెండు వానలకి పలకలు బయటికి పొట్ట వేస్తాయి. రేకుల గురించి చెప్పనక్కర్లేదు, ఎండకి సెగ, వానకి చప్పుడు. గ్రీన్ నెట్టు ఎండకి పెళుసై చిరుగుతుంది, తాత్కాలికానికి మాత్రం చాలు.

మన నేలకి తగిన కంచె రాతి కూసాలే అని నా అభిప్రాయం. కోలారు, కృష్ణగిరి, అనంతపురం వైపు ఎక్కడ చూసినా రాయే కదా. ఏడడుగుల కూసం రెండడుగులు నేలలోకి పోతే పైన అయిదడుగులు నిలుస్తుంది. చెదలు పట్టదు, తుప్పు పట్టదు, మన తర్వాత కూడా ఉంటుంది. వాలు నేల మీద దీనికి ఇంకో సుళువుంది. గోడనైతే మెట్లుగా కోసుకుంటూ కట్టాలి, ఒక్కో మెట్టు దగ్గరా పునాది మార్చాలి. కూసాలు వాలు వెంబడి ఒక్కొక్కటి ఒక్కో మెట్టు దిగుతూ పోతాయి. నడుమ ముళ్ల తీగో, చైన్‌లింక్ జాలీయో. కింద నీళ్లు పోవడానికి అడ్డుండదు.

ఆ కూసాల వెంట మొక్కలు. నా ఓటు మొదట సీమచింతకి. తమిళంలో కొడుక్కాపుళి అంటారు, పిల్లలకి ఆ పేరే తెలుసు. ముల్లుంటుంది కనుక మేకా మనిషీ దూరరు, కత్తిరించేకొద్దీ ఒత్తుగా వస్తుంది, నీళ్లు పెద్దగా అడగదు, గింజ పెడితే మొలుస్తుంది. వదిలేస్తే మాత్రం చెట్టవుతుంది, ఏడాదికి రెండు మూడుసార్లు కత్తిరించాలి. ముల్లు వద్దనుకునే వైపు, అంటే పిల్లలు ఆడే మెట్టు పక్కన, గోరింట గానీ వావిలి గానీ. రెండూ కొమ్మ పాతితే వస్తాయి. వావిలిని పశువులు ముట్టవు, జలుబుకి ఆవిరి పట్టడానికి ఆకు ఎప్పుడూ చేతికందుతుంది. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనమంటే, హిత్తల గిడ మద్దల్ల అని కన్నడంవాళ్లూ అంటారు. రెండు భాషలూ కలిసి ఒక మంచి చెట్టుని అవమానించాయి. కాడజెముడు త్వరగా కమ్ముకుంటుంది, పాత పొలం కంచెల్లో బాగా కనిపించేది. కానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

మొక్కల కంచె ఆరడుగులెక్కి ఒత్తుగా అల్లుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అందాకా చాటు సంగతేమిటని మా అత్త అడిగింది, న్యాయమైన ప్రశ్న. జవాబు పాతదే, దడి. ఆమె సాయంత్రం కూర్చునే చోటు పై మెట్టులో, వంటింటి గడప పక్కన. అక్కడ పది అడుగుల పొడవు వెదురు తట్టి కడితే కింది ఇంటి మేడ మీదినుంచి కూడా కనబడదు. సరిహద్దులో 40 అడుగుల గోడ ఎంత ఎత్తు కట్టినా ఆ మేడ మీది చూపును ఆపలేదు. చూపును కూర్చునే మనిషికి దగ్గరలో ఆపడం తేలిక, దూరంలో ఆపాలంటే తాటిచెట్టంత గోడ కావాలి.

వాస్తు మాట ఎత్తినవాళ్లూ ఉన్నారు. ఈశాన్యం పల్లంగా ఉండాలని చెప్పేదే వాస్తు. మన పెరడు వాలింది ఈశాన్యానికే. వాస్తు పేరు చెప్పి దాన్ని లేపడమేమిటో లేపమన్నవాళ్లే చెప్పాలి.

చెట్ల విషయం. కింది భాగంలో మామిడి, పనస ఉన్నాయి. మొదలు చుట్టూ రెండు మూడడుగుల మట్టి పోస్తే చెట్టు వెంటనే చావదు. వేళ్లకి గాలాడక రెండు మూడేళ్లలో కొమ్మ కొమ్మగా ఎండుతుంది. అప్పుడు పురుగు పట్టిందంటాం. అందుకే మెట్ల గీత చెట్టుని బట్టి వంకరగా పోయినా పోనివ్వాలి, చెట్టు పాత మట్టంలోనే ఉండాలి. మట్టి కదిపే ముందు పై అర అడుగు మట్టిని వేరుగా కుప్ప పోసి, చదునయ్యాక మళ్లీ పైన పరచాలి. సారమంతా అందులోనే ఉంటుంది, కింద మన వైపు దొరికేది మొరమే. పోసిన చోట అర అడుగుకొక వరుసగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. ఒక్కసారే పోసి పైపైన తొక్కిస్తే తర్వాతి వానకి గుంటలు పడతాయి. మెట్లు ఇంటి వైపుకి వాలకూడదు, అలాగని బల్లపరుపుగానూ ఉండకూడదు. పదడుగులకి ఒకటి రెండంగుళాలు పక్క కాలువ వైపుకి వాలిస్తే చాలు. తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి చేసింది 2003లో. మన ఇంటి గుంత పేరుకే ఉంది, దాని మీద బట్టలుతికే బండ పెట్టారు. పక్క కాలువను దాంట్లోకి తిప్పితే ఆ గుంతకి పని దొరుకుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది నా వరకు తేలిపోయింది. గట్లు ఎండల్లోనే, మే నెల లోపు పేర్చుకోవాలి. సీమచింత గింజలు తొలి వానకి. అక్టోబరు నాటికి గట్టు ఎక్కడ జారుతుందో, నీళ్లు ఎటు పోతున్నాయో ఒక వానాకాలం చూసి, అప్పుడు రాతి అరుగులూ మెట్లూ వేసుకోవచ్చు.

తేలనిది ఒకటే. కింది కంచెలో ఇప్పుడున్న చిన్న తలుపు ఉంచాలా, మూసెయ్యాలా అని. భద్రత అంటున్నాడు తమ్ముడు, గడియ మన వైపే పెట్టుకుందామంటోంది అత్త. రాతి కూసాల మధ్య మూడడుగుల సందు వదలమని మేస్త్రికి నేను చెప్పేశాను. అభ్యంతరం ఉన్నవాళ్లు దసరా లోపు చెప్పండి.